మగవాళ్లలో మూత్రం ఇన్ఫెక్షన్, మందులకు లొంగని బ్యాక్టీరియా: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో ఒక ల్యాబ్‌లో మూత్రం కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాను ప్లేటు మీద పెంచి, ఏ మందుకు చస్తుందో చూసే పరీక్ష) చేసే బెంచీ దగ్గర పని చేస్తున్నాను. శాంపిల్ ఇవ్వడానికి, రిపోర్టు తీసుకోవడానికి వచ్చేవాళ్లు కౌంటర్ దగ్గర అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఆదోని నుంచో, డోన్ నుంచో, గుత్తి నుంచో బస్సెక్కి వచ్చినవాళ్లకు నిలబడి రెండు నిమిషాల్లో చెప్పలేనివి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, మందు రాయాల్సింది డాక్టరే. కానీ ఆ మందుకు బ్యాక్టీరియా చస్తోందా లేదా అని రోజూ కళ్లతో చూసేది మేము. చాలామంది శాంపిల్ మా చేతికి వచ్చేసరికే రెండు మూడు రకాల మాత్రలు వాడేసి ఉంటారు. ఈ పేజీ రాయాలనిపించింది అందుకే.

మూత్రం ఇన్ఫెక్షన్ ఆడవాళ్లకు కదా వచ్చేది? మగవాళ్లకు ఎందుకొస్తుంది?

ఆడవాళ్లకే ఎక్కువ, నిజమే. వాళ్లలో మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. మగవాళ్లలో 20 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. బయటి బ్యాక్టీరియా అంత దూరం ఎక్కి మూత్రాశయం చేరాలంటే కష్టం, మధ్యలోనే మూత్రం దాన్ని కడిగేస్తుంది. కాబట్టి మగమనిషికి ఇన్ఫెక్షన్ వచ్చిందంటే, దారిలో ఎక్కడో మూత్రం నిలిచిపోతోందేమో అని డాక్టర్లు వెతుకుతారు. యాభై దాటినవాళ్లలో పెరిగిన ప్రోస్టేట్ గ్రంథి (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండేది), వయసుతో సంబంధం లేకుండా రాళ్లు, అదుపులో లేని షుగరు, మూత్రం కోసం వేసిన పైపు, పాత దెబ్బ వల్లో ఆపరేషన్ వల్లో సన్నబడిన మూత్రనాళం ముఖ్యమైన కారణాలు.

మన ప్రాంతానికి రాళ్ల బెడద ఎక్కువే అనిపిస్తుంది నాకు. మే నెలలో వేరుశనగ కళ్లంలోనో, బేతంచెర్ల వైపు బండల పాలిష్ మిషన్ దగ్గరో రోజంతా పనిచేసే మనిషి ఎంత చెమట పోస్తాడో, దానికి తగ్గట్టు నీళ్లు తాగడు. నీళ్లు తాగితే బండి ఆపాల్సి వస్తుందని తాగకుండా ఉండే లారీ డ్రైవర్లు కౌంటర్ దగ్గర నాకు ఎంతమంది చెప్పారో లెక్క లేదు. మూత్రం చిక్కబడితే రాయి కట్టే అవకాశం పెరుగుతుంది. రాయి ఉన్నచోట బ్యాక్టీరియా దాని మీద పొరలా అతుక్కుని దాక్కుంటుంది. ఆ పొరలోకి మందు సరిగా దిగదు. రాయి తీయకుండా మాత్రలు మాత్రమే వాడుతుంటే తగ్గినట్టే తగ్గి మళ్లీ రావడానికి ఇదొక కారణం.

మంటగా ఉంటే వేడి చేసినట్టా, ఇన్ఫెక్షనా?

రెండూ కావచ్చు. ఎండలో తిరిగొచ్చి నీళ్లు తక్కువై, మూత్రం ముదురు పసుపు రంగులో కొద్దిగా చురుక్కుమంటూ వస్తే, బాగా నీళ్లు తాగాక ఒక పూటలోనో ఒక రోజులోనో సర్దుకోవాలి. సర్దుకోకపోయినా, మాటిమాటికీ ఒంటికి వెళ్లాలనిపించి చుక్కలు చుక్కలుగా వస్తున్నా, రక్తం కనిపించినా, పొత్తికడుపులోనో వృషణాలకూ మలద్వారానికీ మధ్యనో నొప్పి ఉన్నా, జ్వరం తగిలినా, ఇక వేడి అని సరిపెట్టుకోకండి. కుర్రవాళ్లలో మంటతో పాటు చీములాంటిది కారుతుంటే అది లైంగికంగా వచ్చిన ఇన్ఫెక్షన్ కావచ్చు. దాని పరీక్ష వేరు, మందు వేరు. సిగ్గుపడి డాక్టరు దగ్గర ఆ విషయం దాచితే తప్పుడు మందు పడుతుంది.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు పోవాలి?

వణుకుతో జ్వరం, డొక్కలో నొప్పి, వాంతులు, మూత్రం పూర్తిగా ఆగిపోవడం, పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు, కల్చర్ రిపోర్టు కోసం కూడా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. కర్నూలు, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు, కడప రిమ్స్ రాత్రి కూడా కేసు చూస్తాయి. ఇన్ఫెక్షన్ రక్తంలోకి దిగితే గంటలు కూడా లెక్కలోకి వస్తాయి.

మందుకు లొంగకపోవడం అంటే నా ఒంటికి ఆ మందు అలవాటు పడిపోయిందనా?

కాదు. చాలామంది "నాకు సిప్రో (సిప్రోఫ్లోక్సాసిన్ మాత్ర) పడటం లేదు, ఒళ్లు అలవాటు పడిపోయింది" అంటారు. అలవాటు పడింది మీ ఒళ్లు కాదు, మీ ఒంట్లో ఉన్న బ్యాక్టీరియా. ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, జీవితంలో ఎప్పుడూ యాంటీబయాటిక్ వాడని మనిషికి కూడా మందుకు లొంగని బ్యాక్టీరియా వేరేవాళ్ల నుంచో ఆసుపత్రి నుంచో రావచ్చు.

పత్తి వేసే రైతుకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకే మందు కొడుతూ పోతే మొదటి ఏడాది పురుగులు రాలిపోతాయి. తట్టుకున్న నాలుగు పురుగులు పిల్లలు పెడతాయి, తర్వాతి ఏడాది అదే మందుకు వాటికి ఏమీ కాదు. బ్యాక్టీరియాలో ఇది ఏడాదికోసారి జరిగేది కాదు. అనుకూలమైన వేడిలో ఈ.కొలై అనే బ్యాక్టీరియా సుమారు 20 నిమిషాలకోసారి రెండింతలవుతుంది. అలా నాలుగు గంటలు పెరిగితే ఒక్కటి కాస్తా నాలుగు వేలు దాటుతుంది. ఈ.కొలై మన పేగుల్లో మామూలుగా ఉండేదే, మూత్రంలోకి చేరినప్పుడే సమస్య. మూత్రం ఇన్ఫెక్షన్లకు ప్రధాన కారణం అదే. మగవాళ్లలో, ముఖ్యంగా పైపు ఉన్నవాళ్లలో, క్లెబ్సియెల్లా, ప్రోటియస్, సూడోమోనాస్, ఎంటరోకోకస్ కూడా తరచుగా కనిపిస్తాయి.

ఇవి మందును ఎదుర్కొనే తీరు రకరకాలు. కొన్ని మందును విరగ్గొట్టే ఎంజైమును తయారు చేస్తాయి. కొన్ని లోపలికొచ్చిన మందును పంపు పెట్టినట్టు బయటికి తోసేస్తాయి. సిప్రోఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్ లాంటివి బ్యాక్టీరియాలోని ఒక ఎంజైముకు అతుక్కుని పనిచేస్తాయి. ఆ ఎంజైము ఆకారం కాస్త మారితే చాలు, మందుకు పట్టు దొరకదు. వీటన్నిటిలో నన్ను బాగా భయపెట్టేది ప్లాస్మిడ్. అది గుండ్రటి చిన్న డీఎన్ఏ ముక్క. మందును తట్టుకునే విద్య అందులో రాసి ఉంటే, ఒక బ్యాక్టీరియా పక్కదానికి దాన్ని అందించగలదు. పక్కది సొంత జాతిది కానక్కర్లేదు, ఈ.కొలై నుంచి క్లెబ్సియెల్లాకు కూడా పోతుంది. పురుగు తన పిల్లలకు మాత్రమే ఇవ్వగలిగినదాన్ని బ్యాక్టీరియా పక్కింటివాడికి కూడా ఇచ్చేస్తుంది.

రిపోర్టులో ఈఎస్‌బీఎల్ అని రాశారు. అదేమైనా కొత్త జబ్బా?

జబ్బు కాదు, బ్యాక్టీరియా దగ్గరున్న ఆయుధం పేరు, మందును విరగ్గొట్టే ఒక ఎంజైము. ఆ ఎంజైము ఉంటే సెఫిక్సిమ్, సెఫ్‌పోడాక్సిమ్ మాత్రలు, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షను విరిగిపోతాయి. మెడికల్ షాపులో చాలా సులువుగా చేతిలో పెట్టేది వీటినే. అలాంటప్పుడు ఆసుపత్రిలో మెరోపెనెమ్, ఎర్టాపెనెమ్ లాంటి కార్బాపెనెమ్ ఇంజెక్షన్ల దాకా పోవాల్సి రావచ్చు. ఇప్పుడు వాటిని కూడా విరగ్గొట్టే ఎంజైములున్నాయి. వాటిలో ఎన్‌డీఎం అనేదాన్ని, 2008లో న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్‌కు తిరిగి వెళ్లిన ఒక రోగి మూత్రంలోని క్లెబ్సియెల్లాలో మొదట గుర్తించారు. అంటే అది బయటపడింది కూడా ఒక మూత్రం శాంపిల్‌లోనే.

మెడికల్ షాపులో నాలుగు మాత్రలు తీసుకున్నా, తగ్గిపోయింది. ఇంక ఎందుకు పరీక్ష?

ఇది నేను మా ఇంట్లోనే చూశాను. మా చిన్నాయనకు అరవై దాటాయి. మూత్రం సన్నగా వచ్చేది, రాత్రి నాలుగైదుసార్లు లేచేవాడు. మంట వచ్చినప్పుడల్లా ఊళ్లో మందులిచ్చే ఒకాయన దగ్గరికి పోయి ఒక ఇంజెక్షను, నాలుగు మాత్రలు. రెండు రోజుల్లో తగ్గేది. నెలన్నరకు మళ్లీ వచ్చేది. అలా ఏడాది గడిచింది. నేను ఈ పనిలోనే ఉండి కూడా, ఆయన నాతో చెప్పలేదు. మగవాడికి ఇదొక రోగమా అనుకున్నాడు. చివరికి ఒక రాత్రి దుప్పట్లు రెండు కప్పినా ఆగని వణుకుతో ఆసుపత్రికి తెచ్చారు. ఆయన ప్లేటు నా చేతికే వచ్చింది. మందు పట్టించిన కాగితపు బిళ్లలు పెట్టిన ప్లేటులో ఈ.కొలై దాదాపు అన్ని బిళ్లల అంచుదాకా పెరిగింది. రెండిటి చుట్టూ మాత్రమే ఖాళీ ఉంది, అంటే ఆ రెండు మందులే పనిచేస్తాయి. ఒకటి మెరోపెనెమ్, ఒకటి అమికాసిన్. పది రోజులు ఆసుపత్రిలో ఉండి బయటపడ్డాడు. తర్వాత ప్రోస్టేట్‌కు చికిత్స చేయించాం. ఇన్నాళ్లూ ఆయన కొనుక్కున్న మాత్రలు మంటను తగ్గించాయి గానీ, మూత్రం నిలిచిపోవడం అనే అసలు కారణాన్ని ముట్టుకోలేదు. ప్రతిసారీ బతికి మిగిలిన బ్యాక్టీరియా మాత్రం ముందుకన్నా గట్టిదై మిగిలింది.

తగ్గింది అంటే పోయింది అని కాదు. మగవాళ్లలో అయితే ప్రోస్టేట్ లోపల దాక్కుని ఉండవచ్చు.

మాత్ర వేసుకోకముందే కల్చర్ ఇవ్వాలని ఎందుకంత పట్టుబడతారు?

ఒక్క డోసు పడినా మూత్రంలో బ్యాక్టీరియా తగ్గిపోతుంది, లోపల ఎక్కడో మిగిలే ఉంటుంది. ప్లేటు మీద ఏమీ పెరగకపోవచ్చు. అప్పుడు మేము "నో గ్రోత్" అని రాస్తాం. డాక్టరుకు ఏ మందు రాయాలో తెలియదు, అంచనా మీద రాయాల్సి వస్తుంది. మన దేశంలో ఆసుపత్రుల నుంచి వచ్చే లెక్కల్లో సగానికి పైగా ఈ.కొలైలు సిప్రోకు లొంగడం లేదు. అంచనా తప్పే అవకాశం ఎంతో మీరే చూడండి.

ఆడవాళ్లలో మొదటిసారి వచ్చిన మామూలు మంటకు కల్చర్ లేకుండానే డాక్టర్లు మందు రాయడం ఉంది. మగవాళ్లకు మాత్రం మొదటిసారైనా కల్చర్ చేయించాలి. ముందు మూత్రం డబ్బాలో పడాలి, ఆ తర్వాత మాత్ర నోట్లో పడాలి. డాక్టరు చీటీ రాయగానే "సార్, కల్చర్‌కు ఇచ్చి వేసుకోమంటారా?" అని అడగండి. శాంపిల్ ఇచ్చిన ఐదు నిమిషాలకే మందు మొదలుపెట్టొచ్చు, రిపోర్టు వచ్చేదాకా ఆగాలని కాదు. ఇప్పటికే మాత్రలు వేసుకుని ఉంటే మాకు దాచకండి. మందు పేరు, ఎన్ని వేసుకున్నారో శాంపిల్ ఫారం మీద రాయించండి.

శాంపిల్ ఎలా ఇవ్వాలి?

సగం రిపోర్టులు పాడయ్యేది ఇక్కడే, అందుకే వివరంగా చెప్తాను. పోయిన వేసవిలో ఒకాయన వాళ్ల నాయన మూత్రాన్ని నీళ్ల సీసాలో పట్టుకొచ్చాడు. పొద్దున ఆరింటికి పట్టి, సంచిలో పెట్టుకుని, రెండు బస్సులు మారి పదకొండింటికి చేరాడు. సీసా వెచ్చగా ఉంది. ఐదు గంటలు ఆ వేడిలో ఏ బ్యాక్టీరియా ఎంత పెరిగిందో దేవుడికే తెలియాలి. ఆ శాంపిల్ తీసుకోలేనని చెప్పాల్సి వచ్చింది. ఆయన ముఖం చూడలేకపోయాను, అంత దూరం నుంచి వచ్చాడు.

ల్యాబ్‌లో ఇచ్చే స్టెరైల్ డబ్బానే వాడండి. ఇంట్లో కడిగిన మందు సీసా, టీ కప్పు పనికిరావు. చేతులు కడుక్కోండి. అంగం కొనమీది చర్మం వెనక్కి లాగి నీళ్లతో కడిగి తుడుచుకోండి. మొదట వచ్చే మూత్రం వదిలేయండి, ధార ఆపకుండా మధ్యలో వచ్చేది డబ్బాలో పట్టండి, చివరిది మళ్లీ బయటికే. డబ్బా మూత లోపలివైపు వేలు తగలనివ్వకండి. పట్టిన రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి. కుదరకపోతే ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో కాదు, 4 డిగ్రీల దగ్గర పెడితే 24 గంటల దాకా పనికొస్తుంది. దూరం నుంచి వచ్చేవాళ్లకు నా సలహా ఒకటే, డబ్బా ల్యాబ్‌లోనే తీసుకుని ల్యాబ్‌లోనే పట్టి ఇవ్వండి. బస్సు దిగాక ఒక సీసా నీళ్లు తాగి అరగంట కూర్చుంటే చాలు.

రిపోర్టుకు రెండు మూడు రోజులెందుకు? రక్తం పరీక్ష గంటలో ఇస్తారు కదా?

బ్యాక్టీరియా పెరగాలి కాబట్టి. మొదటి రోజు, మిల్లీలీటరులో వెయ్యో వంతు మూత్రం పట్టే సన్నని లూపుతో ప్లేటు మీద గీస్తాం. 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతాం. మర్నాడు పొద్దున తీస్తే, మెకాంకీ అనే రకం ప్లేటు మీద ఈ.కొలై అయితే గులాబీ రంగు చుక్కలుగా కనిపిస్తుంది. క్లెబ్సియెల్లా జిగటగా, కుంకుమ నీళ్లు చిందినట్టు పెద్ద చుక్కలుగా ఉంటుంది. సూడోమోనాస్ పచ్చటి రంగు దించుతుంది, మూత తీయగానే ద్రాక్షపండ్ల లాంటి వాసన. చుక్కలు వంద ఉంటే, మిల్లీలీటరుకు లక్ష బ్యాక్టీరియా అని లెక్క. మగవాళ్లలో లక్షణాలుంటే అంతకన్నా తక్కువ సంఖ్యను కూడా తీసిపారేయం.

రెండో రోజు, అందులోంచి తీసుకున్న బ్యాక్టీరియాను ఇంకో ప్లేటు నిండా పరిచి, మందు పట్టించిన 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్లలు పెడతాం. మూడో రోజు పొద్దున స్కేలుతో కొలుస్తాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. సిప్రో బిళ్ల చుట్టూ ఈ.కొలైకి 26 మిల్లీమీటర్లు, అంతకుమించి ఖాళీ ఉంటే పనిచేస్తుందని, 21 లేదా అంతకన్నా తక్కువ ఉంటే పనిచేయదని రాస్తాం. మిషన్లున్న ల్యాబుల్లో ఇంకొంచెం త్వరగా వస్తుంది. కానీ మొదటి రాత్రి పెరుగుదల మాత్రం ఎక్కడైనా తప్పదు.

రిపోర్టులో ఎస్, ఐ, ఆర్ అంటే?

ఎస్ అంటే బ్యాక్టీరియా ఆ మందుకు లొంగుతుంది. ఆర్ అంటే లొంగదు. ఐ అంటే మధ్యరకం, మందును బట్టి పెద్ద డోసులో పనిచేయవచ్చు. ఆ నిర్ణయం డాక్టరుది.

"మిక్స్‌డ్ గ్రోత్" అని వస్తే చాలాసార్లు శాంపిల్ పట్టేటప్పుడు చర్మం మీదవి కలిసాయని అర్థం. మళ్లీ ఇవ్వాల్సి ఉంటుంది.

రిపోర్టులో నైట్రోఫ్యురాంటోయిన్‌కు ఎస్ ఉంది, చవక కూడా. డాక్టరు ఎందుకు రాయలేదు?

చాలా మంచి ప్రశ్న, దీన్ని తమ్ముళ్లు ఫోన్‌లో వెతికి మరీ అడుగుతారు. ప్లేటు మీద పనిచేసిన ప్రతి మందూ ఒంట్లో అన్నిచోట్లకూ చేరదు. నైట్రోఫ్యురాంటోయిన్ మూత్రంలో బాగా చేరుతుంది, అందుకే మూత్రాశయంలో ఉన్న ఇన్ఫెక్షనుకు పాత మందైనా ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. కానీ ప్రోస్టేట్ కణజాలంలోకి, కిడ్నీ కణజాలంలోకి సరిపడా వెళ్లదు. మగవాళ్లలో జ్వరం ఉంటే, ప్రోస్టేట్‌కు సోకిందన్న అనుమానం ఉంటే అది సరిపోదు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లకు అసలు వాడరు. చిన్న ప్యాకెట్‌లో వచ్చే 3 గ్రాముల ఫాస్ఫోమైసిన్ పొడి సంగతి కూడా ఇలాగే జాగ్రత్తగా చూడాలి. ప్రోస్టేట్‌లోకి బాగా దిగేవి సిప్రో, లెవోఫ్లోక్సాసిన్, కోట్రైమాక్సజోల్. సిప్రోకు ఎస్ ఉన్న మగవాడి రిపోర్టు చూస్తే నాకు నిజంగా ఊరటగా ఉంటుంది. ఏ దగ్గుకో విరేచనాలకో వాటిని చిల్లరగా మింగేస్తే, రేపు ప్రోస్టేట్‌కు అవసరమైనప్పుడు చేతిలో మాత్రే ఉండదు.

ఎన్ని రోజులు వాడాలి? మధ్యలో తగ్గితే ఆపొచ్చా?

డాక్టరు చెప్పినన్ని రోజులు. తక్కువా వద్దు, మీ అంతట మీరు పొడిగించడమూ వద్దు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జ్వరం లేని 272 మంది మగవాళ్ల మీద చేసి 2021లో వెల్లడించిన అధ్యయనంలో, సిప్రో గానీ కోట్రైమాక్సజోల్ గానీ 7 రోజులు వాడినా 14 రోజులతో సమానంగానే పనిచేసింది. అంటే ఎక్కువ రోజులు వాడితే ఎక్కువ మంచిదని లేదు. ప్రోస్టేట్‌కు సోకితే లెక్క వేరు. అప్పుడు రెండు నుంచి నాలుగు వారాలు, పాతబడిన కేసుల్లో ఆరు వారాల దాకా రాస్తారు. మీ పక్కింటాయనకు ఐదు రోజులు రాశారని మీరూ ఐదో రోజు ఆపితే, అది వేరే జబ్బుకు రాసిన లెక్క.

అన్నిటికీ ఆర్ వచ్చింది. ఇక మందు లేదా?

మందు ఉండకపోవడం చాలా అరుదు. మామూలు జాబితాలో అన్నీ ఆర్ అయితే ఇంకొన్ని మందులకు పరీక్ష చేయమని డాక్టరు అడుగుతారు, మేమూ చేస్తాం. కొలిస్టిన్ లాంటివి అప్పుడు వస్తాయి. కానీ అవి ఇంజెక్షన్లు, ఖరీదైనవి, కిడ్నీలను కనిపెట్టుకుంటూ ఇవ్వాల్సినవి. మంటకు కొన్ని రోజుల మాత్రలతో పోవాల్సింది ఆసుపత్రి మంచం దాకా పోతుంది. కూలికి పోయే మనిషికి ఆ పది రోజుల కూలి, తోడుగా ఉన్నవాళ్ల కూలి కూడా లెక్కలోకి వస్తాయి. 2019లో ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే నేరుగా చనిపోయారని ఒక పెద్ద అంచనా ఉంది.

మా నాయనకు మూత్రం పైపు ఉంది. కల్చర్‌లో ఎప్పుడూ ఏదో ఒకటి వస్తోంది. ప్రతిసారీ మందు వాడాలా?

వద్దు. పైపు వేసిన ప్రతి రోజూ బ్యాక్టీరియా చేరే అవకాశం పెరుగుతూ పోతుంది. నెల దాటితే దాదాపు అందరి మూత్రంలోనూ ఉంటుంది. జ్వరం, వణుకు, కొత్తగా తికమక, పొత్తికడుపు నొప్పి లాంటివి లేకుండా ఊరికే కల్చర్ చేయించి, వచ్చినదానికల్లా మందు వాడితే, చివరికి మిగిలేది ఏ మందుకూ లొంగనిదే. మూత్రం మడ్డిగా ఉందనో వాసన వస్తోందనో ఒక్కటే కారణంగా యాంటీబయాటిక్ మొదలుపెట్టకండి.

లక్షణాలుండి కల్చర్ చేయాల్సి వస్తే బ్యాగులోంచి పట్టి తేవద్దు. బ్యాగులో మూత్రం గంటల తరబడి నిలవ ఉంటుంది. చాలా రోజులుగా ఉన్న పైపైతే, నర్సు చేత కొత్త పైపు వేయించి, కొత్తదాంట్లోంచి తీయించాలి. ఇంట్లో అయితే బ్యాగు ఎప్పుడూ నడుము కన్నా కిందికే వేలాడాలి, నేలకు మాత్రం తగలకూడదు. నిండకముందే ఖాళీ చేయాలి. ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మంచం మీద పడుకోబెట్టేటప్పుడు బ్యాగును పక్కన పరుపు మీద పెట్టడం చాలా ఇళ్లలో చూశాను, అలా చేస్తే మూత్రం వెనక్కి పోతుంది. ఇంకొకటి, పైపు ఇంకా అవసరమా అని ప్రతిసారీ డాక్టరును అడగండి. తీసేయగలిగిన పైపును తీసేయడం కన్నా మంచి మందు లేదు.

పైపు లేదు, లక్షణాలూ లేవు. హెల్త్ చెకప్‌లో బ్యాక్టీరియా కనిపించింది?

మూత్రనాళంలో ఏదైనా ఆపరేషనో పరీక్షో చేయబోతుంటే తప్ప సాధారణంగా మందు అక్కర్లేదు.

చీముకణాలు ఉన్నాయన్నారు, కల్చర్‌లో ఏమీ పెరగలేదన్నారు. ఇదేంటి?

ముందు నుంచే మాత్ర వాడి ఉండొచ్చు. రాయి ఉండొచ్చు. మామూలు ప్లేటు మీద పెరగని లైంగిక ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. ఇంకొకటి ఉంది, మన దేశంలో దాన్ని మర్చిపోకూడదు. మూత్రపిండాల టీబీ. టీబీ క్రిమి మామూలు కల్చర్‌లో పెరగదు, దానికి వేరే పరీక్ష ఉంది. వారాల తరబడి చీముకణాలు వస్తూ, సన్నగా జ్వరం, బరువు తగ్గడం ఉంటే డాక్టరు దగ్గర టీబీ మాట ఎత్తండి. సిప్రో, లెవోఫ్లోక్సాసిన్ లాంటివి టీబీ క్రిమిని కూడా కొంత అణిచి పెడతాయి. ఊరికే వాడితే జబ్బు బయటపడటమే ఆలస్యమవుతుంది.

బార్లీ నీళ్లు, సబ్జా, సుగంధి షర్బత్ పనిచేయవా?

నీళ్లుగా పనిచేస్తాయి, అది తక్కువేం కాదు. బ్యాక్టీరియాను చంపవు. షుగరు ఉన్నవాళ్లు షర్బత్ జోలికి పోవద్దు. మంట తగ్గడానికి ఇచ్చే సిట్రేట్ సిరప్ కూడా మంటకే. నైట్రోఫ్యురాంటోయిన్ వాడుతున్నప్పుడు ఆ సిరప్ కలిపితే మందు బలం తగ్గవచ్చు, ఎందుకంటే అది పుల్లటి మూత్రంలో బాగా పనిచేస్తుంది. డాక్టరును అడిగే కలపండి. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉండి నీళ్లు తగ్గించమని చెప్పినవాళ్లు ఎక్కువ నీళ్లు తాగాలన్న సలహాను పాటించకూడదు.

సిప్రో మాత్ర మజ్జిగతో వేసుకోవచ్చా?

వద్దు. మధ్యాహ్నం సంగటి తిని మజ్జిగ తాగుతూ అదే గ్లాసుతో మాత్ర మింగడం మనకు మామూలు. పాలు, పెరుగు, మజ్జిగలోని కాల్షియం సిప్రోను పట్టేసుకుంటుంది, రక్తంలోకి పోయేది తగ్గిపోతుంది. కాల్షియం, ఐరన్ మాత్రలు, గ్యాస్ సిరప్ కూడా అంతే. వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో మంచినీళ్లతో వేసుకోండి. మందు సగమే ఒంట్లోకి పోవడం బ్యాక్టీరియాకు శిక్షణ ఇచ్చినట్టే. ఈ మందు వాడేటప్పుడు మడమ వెనక నరంలా ఉండే స్నాయువు నొప్పి పెడితే ఆపి వెంటనే డాక్టరుకు చెప్పండి. అరవై దాటినవాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు మరీ జాగ్రత్త.

ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందా?

జలుబులా అంటుకోదు. కానీ మందులకు లొంగని బ్యాక్టీరియా ఒకరి పేగుల్లోంచి ఇంకొకరి పేగుల్లోకి చేతుల ద్వారా చేరగలదు. మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, వంటకు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం అందుకే. వేరే గిన్నెలు, వేరే గది అక్కర్లేదు. పెద్దాయన్ని దూరం పెట్టొద్దు.

మేం వాడకపోయినా కోళ్ల ఫారాల్లో వాడుతున్నారు కదా?

నిజమే, పశువుల్లో కోళ్లలో వాడేది కూడా ఈ సమస్యలో భాగమే. మనుషులకు చివరి ఆసరాగా ఉన్న కొలిస్టిన్‌ను కోళ్లకు, పశువులకు వాడటాన్ని కేంద్రం 2019లో నిషేధించింది. పశువులున్నవాళ్లు పశువైద్యుడు చెప్పకుండా యాంటీబయాటిక్ వేయకండి.

చీటీ లేకుండా ఈ మందులు అమ్మకూడదని చట్టం ఉందా?

ఉంది. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితా అమల్లో ఉంది. అందులో సెఫిక్సిమ్ లాంటి మూడో తరం మందులు, లెవోఫ్లోక్సాసిన్, కార్బాపెనెమ్‌లు ఉన్నాయి. అవి అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారో షాపులో రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. మాత్రల అట్ట మీద ఎర్రటి నిలువు గీత కనిపిస్తే చీటీ లేకుండా వాడకూడదని గుర్తు, 2016 నుంచి దాని మీద ప్రచారం కూడా జరిగింది. ఈసారి ఇంట్లో ఉన్న అట్ట తిప్పి చూడండి. షాపులో "అన్నా, మంటకు ఏదైనా ఇవ్వు" అని మనం అడగడం మానితే, ఇచ్చేవాళ్లకు కూడా కాదనడం సులువవుతుంది.

ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు పీఎస్ఏ పరీక్ష చేయించొచ్చా?

పీఎస్ఏ అంటే ప్రోస్టేట్ సంగతి చూడటానికి చేసే రక్తం పరీక్ష. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు అది పెరుగుతుంది. అది చూసి క్యాన్సరేమో అని ఇల్లంతా టెన్షన్ పడుతుంది. తగ్గాక కొన్ని వారాలు ఆగి చేయించమని డాక్టర్లు చెప్పేది అందుకే.

పాత కల్చర్ రిపోర్టులు దాచుకోవాలా? మిగిలిన మాత్రలు?

రిపోర్టులు తప్పకుండా దాచండి. మళ్లీ ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కొత్త రిపోర్టు రావడానికి మూడు రోజులు పడుతుంది. ఆ మూడు రోజులు ఏ మందు ఇవ్వాలో డాక్టరు తేల్చుకోవడానికి పాత రిపోర్టే పెద్ద ఆధారం. కాగితం పోతుందనుకుంటే ఫోన్‌లో ఫోటో తీసి ఉంచండి, మీతో పాటు ఆసుపత్రికి వచ్చే కొడుకు ఫోన్‌లోనో కూతురు ఫోన్‌లోనో కూడా. ఇంతకుముందు వాడిన మందు పేరు, ఎన్ని రోజులు వాడారో వెనక పెన్నుతో రాయండి. మిగిలిన మాత్రలు మాత్రం దాచొద్దు, పక్కింటివాళ్లకు ఇవ్వొద్దు, కాలువలో పారేయొద్దు. శాంపిల్ ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆ అట్టను కూడా వెంట తెచ్చి చూపించండి, పేరు రాసుకుంటాం.